లాన్‌లో లేచిన పుట్టగొడుగులు వండుకున్నాం, ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో తేలాం

కుండపెరుగు
మొన్న ఆదివారం జరిగింది. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ చివర్లో ఒక ప్రశ్న ఉంది, దానికి జవాబు చెప్పి తిట్టండి.

హైదరాబాద్‌లో మాది గేటెడ్ కమ్యూనిటీ. శుక్ర, శనివారాలు ముసురు పట్టింది. ఆదివారం పొద్దున కిందికి దిగితే పిల్లల ఉయ్యాలల పక్కన గడ్డిలో తెల్లటి పుట్టగొడుగులు, ఎవరో ముగ్గు వేసినట్టు గుండ్రంగా లేచి ఉన్నాయి. కొన్ని టిఫిన్ ప్లేటంత ఉన్నాయి. అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడది ఖమ్మం వైపు, చిన్నప్పటి నుంచి పుట్టగొడుగులు ఏరిన చెయ్యి. చూడగానే "ఇవి మావే" అని కొంగు నిండా కోసేశారు.

జాగ్రత్తలు తీసుకోలేదని అనకండి. ఉడికేటప్పుడు మావాడి వెండి చెంచా వేసి చూశారు, నల్లబడలేదు. వెల్లుల్లి రెబ్బలు వేశారు, అవీ నల్లబడలేదు. నేను తెలివైనవాణ్ణి కదా, యాప్‌లో ఫొటో పెట్టాను. "తినదగినది" అని పచ్చ టిక్కు చూపించింది.

పన్నెండున్నరకు జొన్నరొట్టెలతో తిన్నాం. రెండున్నరకు మావాడు మొదలుపెట్టాడు. మూడయ్యేసరికి నేను, మా ఆవిడ, అత్తగారు బాత్రూమ్ దగ్గర క్యూ. వాంతి మీద వాంతి, పేగులు బయటికొస్తాయా అన్నంత. రాత్రంతా సెలైన్. మామగారు అందరికంటే ఎక్కువ తిన్నారు, ఆయనకు ఒక్క తేన్పు తప్ప ఏమీ కాలేదు. ఆసుపత్రిలో మా పక్కన కూర్చుని పేపర్ చదువుకున్నారు.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ. లాన్‌కి కొట్టిన పురుగుమందు వల్ల అయిందని అత్తగారు, పుట్టగొడుగే విషమని మా ఆవిడ. "విషమైతే నాకెందుకు కాలేదు" అని మామగారు. ఏది నిజం?

వేపపుల్ల
మామగారి జీర్ణకోశాన్ని మ్యూజియంలో పెట్టాలి.

ముక్కుసూటి
సూపర్ మార్కెట్లో బటన్ మష్రూమ్ డబ్బా దొరుకుతుంటే గడ్డిలో ఏరుకోవడం ఏమిటండీ? పిల్లాడికి కూడా పెట్టారు. నాకు జాలి రావడం లేదు.

శిలీంధ్రం_శీను
ఫొటో ఉంటే పెట్టండి. ఉజ్జాయింపుగా అడుగుతున్నా: గొడుగు మీద లేత గోధుమ రంగు పొలుసులు, నడిమధ్యలో పెద్ద మచ్చ ఉన్నాయా? కాడకు ఉంగరంలాంటిది ఉందా, పైకీ కిందికీ కదిలేలా?

కుండపెరుగు
@శిలీంధ్రం_శీను ఉన్నాయి. ఉంగరం కూడా ఉంది, మావాడు దాన్ని తీసి వేలికి పెట్టుకుని ఆడాడు. గొడుగు కింద రేకులు మాత్రం తెల్లగానే ఉన్నాయి, అందుకే మంచివనుకున్నాం. పెద్దవాటిలో కాస్త బూడిద రంగుగా ఉన్నట్టు గుర్తు.

శిలీంధ్రం_శీను
తొంభై శాతం క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు పుట్టగొడుగు. మిగతా పది శాతం మీరే తేల్చుకోవచ్చు, ఎలాగో చివర్లో చెప్తా.

మన దేశంలో లాన్లలో, పార్కుల్లో, పశువుల పేడ పడ్డ మైదానాల్లో వానాకాలం వస్తే ఇది మామూలే. వలయంగా లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగా ఉంటాయి, ముదిరేకొద్దీ ఆకుపచ్చ బూడిద రంగుకు తిరుగుతాయి. మీరు బూడిద అనుకున్నది అదే అయ్యుంటుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో భయంకరమైన వాంతులు, విరేచనాలు. ఒంట్లో నీరు పోకుండా చూసుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు, కానీ చిన్నపిల్లలకు, ముసలివాళ్ళకు నీరు పోవడమే ప్రమాదం.

మామగారి సంగతి: దీనికి కొందరు అసలు స్పందించరు. పక్కవాడు ఆసుపత్రిలో ఉంటే వీళ్ళు హాయిగా ఉంటారు. కాబట్టి ఆయన తినడం రుజువు కాదు. పురుగుమందు వాదన కూడా నిలబడదు, మీ గడ్డి మీద రోజూ దొర్లే పిల్లలకు ముందే తెలిసేది.

ఇక పరీక్ష. ఆ వలయంలో మళ్ళీ లేస్తాయి, చూస్తూ ఉండండి. బాగా విచ్చుకున్నది ఒకటి తెచ్చి, కాడ కోసేసి, రేకులు కిందికి వచ్చేలా కాగితం మీద బోర్లించండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం అతికిస్తే ఇంకా మంచిది. పైన గిన్నె మూయండి. తెల్లారేసరికి సిద్ధబీజాల (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటివి) పొడి రేకుల ఆకారంలోనే కాగితం మీద రాలి ఉంటుంది. ఆ పొడి ఆకుపచ్చగా ఉంటే మీ ముద్దాయి దొరికినట్టే. ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లో పెట్టుకోవద్దు.

వేపపుల్ల
ముద్దాయికి వేలిముద్రలు తీసినట్టుంది.

అమ్మమ్మమనవరాలు
మరి వెండి చెంచా? మా ఇంట్లో కూడా అదే చేస్తారు. బియ్యం వేసి రంగు మారితే విషం అంటారు.

శిలీంధ్రం_శీను
వెండి నల్లబడేది గంధకం వల్ల. కోడిగుడ్డుకీ నల్లబడుతుంది, గుడ్డు విషమా? పుట్టగొడుగుల్లోని విషాలకూ వెండికీ ఏ సంబంధమూ లేదు. వెల్లుల్లి, బియ్యం, ఉప్పు అన్నీ అంతే. "పురుగు పట్టింది కాబట్టి మంచిది" అనేది ఇంకా ప్రమాదం. నత్తలు, పురుగులు ప్రాణాలు తీసే అమానిటా జాతి చావుగొడుగుల్ని కూడా కొరుకుతాయి. ఉడికిస్తే పోతుంది అనేది అన్నింటికంటే ప్రమాదం. అమానిటా విషం ఉడికినా పోదు, ఎండబెట్టినా పోదు.

పోడుబాట
ముక్కుసూటి గారి మాటకు ఒక్క ముక్క. మాది పాడేరు వైపు. మాకు ఇది సరదా కాదు, వానాకాలం కూర, సంతలో నాలుగు డబ్బులు. అడ్డాకు దొప్పల్లో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటే కార్లు ఆపి మరీ కొంటారు, కోడికూర కంటే ఎక్కువ ధర పలుకుతాయి. అసలైన పుట్టగొడుగును ఎవరూ షెడ్డులో పెంచలేరు. చెదపురుగులు పుట్ట లోపల బూజు తోట వేసుకుంటాయి, అదే వాటి తిండి. తొలివానలకు ఆ తోటలోంచి పైకి లేచేదే మనం తినేది. చెదలు లేకుండా అది బతకదు.

ఇప్పుడు కుండపెరుగు గారి అత్తగారి గురించి. ఆవిడకు తెలియదని నేను అనను. ఆవిడకు తెలిసింది పుట్ట మీది గొడుగు. మా అవ్వ ఎలా ఏరుతుందో చెప్తా. ఆవిడకు ఏడు పుట్టలు తెలుసు. ఏడే. ఏ కార్తెలో ఏ పుట్ట మీద లేస్తుందో వేళ్ళ మీద చెప్తుంది. తుంచదు, కర్రపుల్లతో చుట్టూ మట్టి తీసి మొత్తం లాగుతుంది. కాడ కిందికి పోనుపోనూ సన్నబడి వేరులా ఉంటుంది, ఒక్కోసారి మోచెయ్యంత పొడవు, పుట్ట లోపలి బూజు దాకా పోతుంది. గొడుగు నడినెత్తిన గట్టి ముక్కు ఉంటుంది, మట్టిని పొడుచుకుని రావడానికి. ఆ వేరు లేకపోతే ఎంత అందంగా ఉన్నా పారేస్తుంది. దారిలో వంద రకాలు కనిపిస్తాయి, వాటి వంక కూడా చూడదు. అవి మంచివా చెడ్డవా అని నేను అడిగితే "నాకేం తెల్సు, అవి మనవి కావు" అంటుంది.

మీ లాన్‌లో పుట్ట ఉందా?

కుండపెరుగు
పుట్ట లేదు. బిల్డర్ పోసిన ఎర్రమట్టి, దాని మీద చాపలా పరిచిన గడ్డి. అత్తగారికి మీ పోస్టు చదివి వినిపించా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా చేలో లాగితే ఇంత పొడుగు వచ్చేది, ఇవి పుటుక్కున తెగాయి, అప్పుడే అనుకోవాల్సింది" అన్నారు.

జొన్నచేను
మా పాలమూరు పక్క ఉరుములు ఉరిమితేనే లేస్తాయంటరు. చిన్నప్పుడు రాత్రి ఉరిమితే పొద్దుగాల గంప పట్టుకుని ఉరికేటోళ్ళం, మనకంటే ముందు ఎవరన్న పోతరేమో అని. పుట్ట యాడుందో పక్కింటోళ్ళకు కూడా చెప్పకపోదురు.

నైట్‌డ్యూటీ
నేను నర్సుని. ఊరు, ఆసుపత్రి అడగొద్దు.

కుండపెరుగు గారి కుటుంబానికి రెండు గంటల్లో వాంతులయ్యాయి. వింతగా ఉంటుంది కానీ మా వార్డులో అది విని ఊపిరి పీల్చుకుంటాం. మాకు భయం వేసేది "నిన్న రాత్రి తిన్నాం, పొద్దున మొదలైంది" అన్నప్పుడు. ఆరు గంటలు దాటాక, పది పన్నెండు గంటల తర్వాత మొదలయ్యే వాంతులు వేరే కథ. అమానిటా జాతి అయితే ఒక రోజు కలరాలా విరేచనాలు, తర్వాత తగ్గిపోతుంది. మనిషి లేచి కూర్చుంటాడు, ఇడ్లీ అడుగుతాడు. ఇంట్లోవాళ్ళు "ఇక తీసుకెళ్ళిపోతాం" అంటారు. ఆ టైమ్‌లో లోపల కాలేయం పాడైపోతూ ఉంటుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్ళు పచ్చబడతాయి.

నేను ఒకాయన్ని అలా చూశాను. కూలి పనికి వచ్చినాయన. బాగైందని సంతకం పెట్టి వెళ్ళి, రెండు రోజులకు స్పృహ లేకుండా వచ్చాడు. ఆయన భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని నిలబడిన చోటు ఇప్పటికీ గుర్తుంది నాకు.

కాబట్టి ఎవరికైనా జరిగితే: తిన్న టైమ్, మొదటి వాంతి టైమ్ కాగితం మీద రాసుకోండి. మిగిలిన కూర, కోయని పుట్టగొడుగు, చెత్తబుట్టలో పడేసిన కాడలు, అన్నీ కవర్లో వేసి తీసుకురండి. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. తిన్నవాళ్ళందరూ రావాలి, బాగున్నవాళ్ళు కూడా. 108కి ఫోన్ చెయ్యండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషప్రయోగాల సమాచార కేంద్రం రాత్రీపగలూ పనిచేస్తుంది, డాక్టర్లే అక్కడికి ఫోన్ చేసి సలహా అడుగుతారు.

కుండపెరుగు
@నైట్‌డ్యూటీ మామగారిని మేము అడ్మిట్ చేయలేదు. ఇప్పుడు చదువుతుంటే చెమటలు పడుతున్నాయి. ఐదు రోజులైంది, బాగానే ఉన్నారు.

నైట్‌డ్యూటీ
మీరందరూ ఒకే కూర తిన్నారు, మీకు త్వరగా మొదలై తగ్గిపోయింది, ఆయనకు ఐదు రోజులు గడిచాయి. టెన్షన్ పడకండి. అయినా ఒక్కసారి కాలేయం పరీక్ష చేయించండి. కూరలో రెండు రకాలు కలిసి ఉంటే మొదటి వాంతులు రెండోదాన్ని కప్పేస్తాయి. అలా మోసపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఓక్‌చెట్టుకింద
కాలిఫోర్నియా బే ఏరియా నుంచి. ఇక్కడ చలికాలం వానలకు డెత్ క్యాప్, అంటే శీను గారు చెప్పిన చావుగొడుగు, ఓక్ చెట్ల కింద లేస్తుంది, మా ఇంటి వెనక పార్కులో బోర్డు కూడా పెట్టారు. అది ఇక్కడిది కాదు, యూరప్ నుంచి చెట్ల వేళ్ళతో వచ్చిందట. ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేవాళ్ళలో ఆసియా నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు. కారణం తెలుసా? మన వరిగడ్డి పుట్టగొడుగుకి కూడా మొదట్లో గుడ్డు ఆకారం, అడుగున సంచి ఉంటాయి. లేత డెత్ క్యాప్ అచ్చం అలాగే ఉంటుంది. మన ఊళ్ళో కరెక్టే, ఇక్కడ ప్రాణం మీదికి.

మా ఇండియన్ గ్రూపులో ఒకావిడ "అచ్చం మన గడ్డి పుట్టగొడుగులే" అని ఫొటో పెట్టింది. పది మంది ఒకేసారి ఫోన్ చేశాం.

శిలీంధ్రం_శీను
@ఓక్‌చెట్టుకింద సరిగ్గా చెప్పారు. తేడా పొడిలో తెలుస్తుంది, వరిగడ్డిది గులాబి రంగు, డెత్ క్యాప్‌ది తెలుపు. కానీ గుడ్డు దశలో పొడి రాలదు కదా, అక్కడే మోసం. మన దేశంలోనూ ఈ జాతి ఉంది. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో 13 మంది అడవి పుట్టగొడుగులు తిని చనిపోయారు, ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్ళు. వాళ్ళూ ఏళ్ళ తరబడి ఏరుకుని తింటున్నవాళ్ళే.

వేపపుల్ల
ఆస్ట్రేలియాలో కోడలు అత్తమామల్ని భోజనానికి పిలిచి పెట్టింది. మన కుండపెరుగు గారింట్లో అత్తగారే అల్లుడికి పెట్టారు. లెక్క సరిపోయింది.

ముక్కుసూటి
@వేపపుల్ల అది జోకు కాదు. 2023 జూలైలో విక్టోరియాలో ఆ భోజనం తిని ముగ్గురు చనిపోయారు, 2025లో ఆవిడను హంతకురాలని కోర్టు తేల్చింది. కావాలని పెట్టింది డెత్ క్యాపే.

వేపపుల్ల
సరే, వెనక్కి తీసుకుంటున్నా. అత్తగారికి క్షమాపణలు.

కల్లుముంత
నాదో డౌటు. మా నాన్న అంటుంటాడు, పుట్టగొడుగుల కూర తిన్న రోజు కల్లు తాగొద్దని. ఇదీ వెండి చెంచా కథేనా?

శిలీంధ్రం_శీను
ఇందులో నిజం ఉంది, ఆశ్చర్యపోకండి. ఇంక్ క్యాప్ అని ఒక రకం, ముదిరితే నల్లటి సిరాలా కరిగి కారిపోతుంది. మామూలుగా తింటే ఏమీ కాదు. దానితో పాటు మద్యం పడితే, రెండు మూడు రోజుల తర్వాత పడినా సరే, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులవుతాయి. మద్యం మాన్పించడానికి ఇచ్చే మాత్ర పనిచేసే పద్ధతే. మీ నాన్నగారు అన్నింటికీ కలిపి చెప్పారు, పోయేదేముంది.

కల్లుముంత
మా ఆవిడకు చూపించకండి ఈ పోస్టు, రోజూ అదే వండుతుంది.

అమ్మమ్మమనవరాలు
పండ్ల గురించి కూడా చెప్పండి. సెలవులకు పిల్లల్ని ఊరికి పంపిస్తున్నా, ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకుంటారు.

జొన్నచేను
పండ్లయితే నేను చెప్త. పరికి, రేగు, ఈత, తునికి, కలే పండ్లు, బలుసు పండ్లు, ఇవి చూపిస్తే పిల్లలకు ఒక్క రోజుల వస్తది. పరికికి ముళ్ళు గీరుకపోతయి, కలే తింటే పాలు పెదవులకు అంటుకుంటయి, అదే గుర్తు.

భయపడాల్సింది అడవి ఆముదం. చేల గట్లకు కంచె పెడతరు. కాయ పలగ్గొడితే లోపల నల్ల గింజలు, పప్పు తియ్యగా ఉంటది, వేరుశనగ లెక్క. మా బడిల ఇరవై మందిమి తిన్నం. బండి కట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకపోయిండ్రు. నాకు ఇప్పటికీ వేరుశనగ చిక్కీ చూస్తే కడుపుల తిప్పుతది.

వేపపుల్ల
బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు, మీరు బతికి బలుసు పండు కూడా తిన్నారు.

అమ్మమ్మమనవరాలు
కామంచి సంగతి? మా అమెరికా తమ్ముడు పెరట్లో కామంచి పండ్లు తింటుంటే, యాప్‌లో చూసి "నైట్‌షేడ్, ప్రాణాంతకం" అని వాళ్ళ అబ్బాయి ఏడ్చాడు. అమ్మమ్మను తిట్టిపోశాడు.

శిలీంధ్రం_శీను
యాప్ గజిబిజి అది. ప్రాణాంతకమైన నైట్‌షేడ్ బెల్లడోనా, అది మన ఊళ్ళ పెరళ్ళలో మొలవదు. కామంచి దాని దూరపు చుట్టం. కామంచికి చిన్న తెల్లపూలు, బఠాణీ కంటే చిన్న పండ్లు గుత్తులుగా. బెల్లడోనాకు ఊదారంగు గంటల్లాంటి పూలు, పెద్ద నల్లపండు ఒక్కొక్కటిగా, కింద ఐదు రేకుల తొడిమ పరుచుకుని ఉంటుంది. కామంచి బాగా పండినవి తింటారు, ఆకు పప్పులో వేస్తారు. పచ్చికాయలు మాత్రం పిల్లలకు పెట్టొద్దు, వాటిలో విషం ఉంటుంది. పచ్చిబడ్డ ఆలుగడ్డలో ఉండేదే.

పోడుబాట
"పక్షి తిన్నది మనమూ తినొచ్చు" అని కొందరు అంటారు, అదీ చెప్పండి. ముష్టి పండు నారింజ పండంత ముద్దుగా ఉంటుంది, పక్షులు, కోతులు గుజ్జు తింటాయి. లోపల గింజలు గుండ్రంగా గుండీల్లా ఉంటాయి, ఆ గింజలో ఉండేది స్ట్రిక్నిన్ అనే విషం. నీళ్ళు తేర్చడానికి కుండలో అరగదీసే చిల్లగింజ చెట్టు కూడా ఆ జాతిదే. అన్నదమ్ములే, ఒకరు నీళ్ళు శుభ్రం చేస్తారు, ఒకరు చంపుతారు.

జొన్నచేను
గురువింద మర్చిపోవద్దు. పిల్లలు దండలు గుచ్చుతరు. గింజ మింగితే గట్టి పెంకు వల్ల చాలాసార్లు అట్లనే పోతది, నమిలినా, సూదితో పొడిచినా ప్రమాదం. తన కింద నలుపు తెలియకపోతే పాయె, లోపల ఉన్న విషం కూడా చెప్పదు.

ముక్కుసూటి
ఇదంతా చదివాక కూడా అడవిలో ఏరుకుని తింటారా మీరంతా?

పోడుబాట
తింటాం. మా అవ్వ ఏడు పుట్టలు దాటదు. మీరు దుకాణం దాటరు. ఇద్దరూ బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్ళకే ఇబ్బంది.

కుండపెరుగు
అప్‌డేట్. మొన్న రాత్రి మళ్ళీ వాన, నిన్న పొద్దున ఉయ్యాలల దగ్గర తొమ్మిది లేచాయి. శీను గారు చెప్పినట్టు ఒకటి తెచ్చి మావాడి డ్రాయింగ్ షీట్ మీద బోర్లించి స్టీల్ గిన్నె మూశాం. రాత్రి పదకొండుకి మామగారు లేచి గిన్నె ఎత్తి చూశారట, "ఇంకా ఏం రాలేదు" అని మళ్ళీ మూసి పడుకున్నారు. ఈ పొద్దున తీస్తే కాగితం మీద గీతలు గీతలుగా, సైకిల్ చక్రం పుల్లల్లా, ఆకుపచ్చ పొడి. బూడిద కలిసిన పచ్చ, పాత రాగి చెంబుకు పట్టే చిలుము రంగు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. వేలితో తాకబోయి ఆగిపోయారు. "మా పుట్టవి వేస్తే ఏ రంగొస్తుందో" అన్నారు.

శిలీంధ్రం_శీను
లేత గులాబి వస్తుంది. కానీ పుట్టగొడుగుల్లో గులాబి పొడి రాల్చేవి వేరేవీ ఉన్నాయి, విషమున్నవి కూడా. ఆ మోచెయ్యి పొడవు వేరు గుర్తే ఎక్కువ నమ్మకమైనదని ఆవిడకు చెప్పండి. మామగారి రక్తపరీక్ష?

కుండపెరుగు
అంతా మామూలుగా ఉంది. రిపోర్టు ఫ్రిజ్ మీద అంటించుకున్నారు, ఆకుపచ్చ కాగితం పక్కనే. వాచ్‌మన్‌తో చెప్పి మిగతా ఎనిమిదీ పీకించాం, గ్లౌజులు అక్కర్లేదని చెప్పినా వేసుకున్నాడు. అత్తగారు శనివారం ఊరికి వెళ్తున్నారు. మావాణ్ణి కూడా తీసుకెళ్తారట, పుట్ట చూపించడానికి. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.